నూటికి ఎనభై ఎనిమిది పాళ్ళు నీళ్ళే

వంద గ్రాముల నిమ్మరసంలో సి విటమిన్ 50 మిల్లీగ్రాములుంటే గొప్ప. శాతం లెక్కన 0.05. మచ్చలకు వాడే సి విటమిన్ సీరమ్‌లో అదే విటమిన్ 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. అంటే తక్కువలో తక్కువ రెండు వందల రెట్లు. ఇక పులుపు సంగతికొస్తే, నిమ్మరసం పీహెచ్ 2కీ 2.5కీ మధ్య ఉంటుంది, మన చర్మం పైపొరది 5 దరిదాపుల్లో ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదిరెట్లు పెరిగినట్టు. నిమ్మచెక్క ముఖానికి రుద్దుకునేవాళ్ళకు దక్కేది ఇదీ: మందు సోదిలోకి కూడా లేదు, మంట మాత్రం నిండుగా ఉంది. పైగా నిమ్మతొక్కలో ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. ఆ బొబ్బ మానినచోట పడే నలుపు నెలల తరబడి పోదు. మచ్చ పోగొట్టుకుందామని మొదలెట్టి మచ్చ తెచ్చుకోవడమన్నమాట.

నేను గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీలో ల్యాబు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. లోషన్లు, ఆయింట్‌మెంట్లు, ఇమల్షన్లు పిల్లల చేత తూయించి, నూరించి, విరిగిపోతే మళ్ళీ చేయించిన ఉద్యోగం. అందుకని మా చుట్టాల్లో ఆడపిల్లల ముఖం మీద ఏ మచ్చ తేలినా ఫోను ముందు నాకొస్తుంది, డాక్టరుకు తర్వాత వెళుతుంది. ఈమధ్య మా చెల్లెలి కూతురు తెనాలి నుంచి ఒక సంచీ పట్టుకొచ్చింది. సి విటమిన్ పొడి, నియాసినమైడ్, ఆల్ఫా అర్బుటిన్, కోజిక్ యాసిడ్, అతిమధురం సారం. పొట్లాలన్నీ బల్లమీద పేర్చి, "పెద్దమ్మా, అన్నీ ఒకే సీసాలో కలిపిపెట్టు, నాకు చేతకావడం లేదు" అంది.

ఒకటే కలుపుదామన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది కానీ నేను మాట మార్చలేదు. అయిదు మందులు కలిపిన సీసా రాసుకుని ముఖం ఎర్రబడితే ఆ అయిదింట్లో దేన్నని పట్టుకుంటాం? అదీగాక ఒకదానికి నచ్చే పులుపు ఇంకోదానికి పడదు. సి విటమిన్, అంటే ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్, చర్మంలోకి దిగాలంటే ద్రావణం పీహెచ్ 3.5 కన్నా తక్కువుండాలని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో చూపించింది. నియాసినమైడ్‌కు 5.5, 6 దగ్గర హాయి. మరీ పులుపులో, వేడిలో అది మెల్లగా నికోటినిక్ యాసిడ్‌గా మారుతుంది. కొలెస్ట్రాల్‌కని ఒకప్పుడు నికోటినిక్ యాసిడ్ బిళ్ళలు మింగినవాళ్ళకు గుర్తుంటుంది, ముఖమంతా గుప్పుమని ఎర్రబడేది. ఆ గుణమే ఇక్కడా.

సి విటమిన్‌ను ఇంట్లో కలపొద్దని నా సలహా. నీళ్ళలో వేసిన మర్నాటి నుంచే గాలితో, వెలుతురుతో, వేడితో పాడవడం మొదలవుతుంది. ముందు లేత పసుపు, తర్వాత టీ రంగు. మే నెల గుంటూరులో దాని ఆయుష్షు గురించి చెప్పక్కర్లేదు. 2005లో అదే పిన్నెల్ బృందం అర శాతం ఫెరూలిక్ యాసిడ్, ఒక శాతం ఇ విటమిన్ చేర్చి దాన్ని నిలవగలిగేలా చేసింది గానీ, నీళ్ళలో సరిగా కరగని ఫెరూలిక్ యాసిడ్‌ను కరిగించడం వంటింటి బల్ల మీద అయ్యే పని కాదు. కావాలంటే మంచిది కొనుక్కోండి. చిన్న సీసా కొనండి.

అసలు ఈ సీరమ్‌లు చేయగలిగిందేమిటో, చేయలేనిదేమిటో చెప్పకుండా తూకాలు చెప్పడం నాకిష్టముండదు. చర్మం అడుగు పొరలో మెలనోసైట్లనే కణాలుంటాయి. మెలనిన్ రంగును చిన్నచిన్న సంచుల్లో తయారుచేసి, చుట్టూ ఉన్న చర్మకణాలకు పంచిపెడతాయి. ఒక్కో మెలనోసైట్ దాదాపు 36 చర్మకణాలకు ఇలా సరఫరా చేస్తుంది. తెల్లటివాళ్ళలోనూ నల్లటివాళ్ళలోనూ ఈ కణాల సంఖ్య ఇంచుమించు ఒకటే. సంచుల పరిమాణం, వాటిలో రంగు రకం, అవి ఎంతకాలం నిలుస్తాయన్నదే తేడా. అది పుట్టుకతో వచ్చింది. మోచేతికి పైన, చంకకు దగ్గరగా, ఎండ తగలని లోపలి వైపు చూసుకోండి. మీ అసలు రంగు అదే. ఏ సీరమ్ అయినా ముఖాన్ని ఆ రంగు దాకా తేగలదు, అదీ చాలా ఓపిక పడితే. అది దాటి తెస్తానన్న సీసాలో ఏముందో అనుమానించాల్సిందే.

పెళ్ళిచూపుల ముందు చామనఛాయ పిల్లల తల్లులు నన్నడిగే ప్రశ్నలకు నా దగ్గర మందు లేదని మొహమాటం లేకుండా చెబుతాను. ఎండకు కమిలిన నలుపు, మొటిమలు మానిన గోధుమరంగు మచ్చలు, బుగ్గల మీద మంగు, వీటి వరకే మన ప్రయత్నం.

ఇంకో నలుపుంది. మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్ గుడ్డలా ఉండేది. దాన్ని ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అది మురికీ కాదు, ఎండా కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్ళలో, లావెక్కుతున్న పిల్లల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. దానికి సీరమ్ వద్దు, షుగర్ పరీక్ష చేయించండి.

నియాసినమైడ్ దగ్గరికొద్దాం. ఇది బి3 విటమిన్‌లో ఒక రూపం. మెలనిన్ తయారీని ఇది ఆపదు. తయారైన సంచులు పక్క కణాలకు చేరకుండా దారిలో తగ్గిస్తుంది. 2002లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చిన హకొజాకి బృందం పరిశోధన ప్రకారం, ల్యాబులో పెంచిన కణాల్లో ఈ సరఫరా 35 నుంచి 68 శాతం దాకా తగ్గింది. వాడటం ఆపేస్తే మళ్ళీ మామూలే అని ఆ తర్వాతి పరిశోధనలో తేలింది. నాకు దీనిమీద గురి కుదిరింది మాత్రం 2011లో మెక్సికో నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం చదివాక. మంగు ఉన్న 27 మందికి ముఖంలో ఒక పక్క 4 శాతం నియాసినమైడ్, రెండో పక్క 4 శాతం హైడ్రోక్వినోన్ రాయించారు. 8 వారాల తర్వాత బాగా తగ్గినవాళ్ళు నియాసినమైడ్ వైపు 44 శాతం, హైడ్రోక్వినోన్ వైపు 55 శాతం. మంట, దురద వచ్చినవాళ్ళు మాత్రం ఇటు 18 శాతం, అటు 29 శాతం. హైడ్రోక్వినోన్ డాక్టరు చూస్తూ, ఎప్పుడాపాలో చెబుతూ వాడించే మందు. దానికి కాస్త తక్కువగానైనా, దాని ప్రమాదాలు లేకుండా పనిచేసేది ఇంట్లో కలుపుకోగలమంటే అది చిన్న విషయం కాదు. 1975 నుంచి మన దేశంలో అమ్ముడవుతూ, 2020లో 'ఫెయిర్' అన్న మాట తీసేసి 'గ్లో' పెట్టుకున్న ఆ క్రీములోనూ ప్రధాన పదార్థం ఇదే. అందులో మాయ ఏమన్నా ఉంటే అది ప్రకటనల్లో ఉంది.

మాకు కావలసింది నూటికి 4 పాళ్ళు నియాసినమైడ్. 5 పాళ్ళు గ్లిజరిన్, తేమ పట్టి ఉంచడానికి. 1 పాలు డి-పాంథెనాల్, చర్మాన్ని శాంతపరచడానికి. చిక్కదనానికి 0.3 జాంథన్ గమ్. నీటిలో ఇనుము, రాగి జాడలుంటే పట్టి కట్టేయడానికి 0.1 డైసోడియం ఇడిటిఎ. 1 పాలు నిలవ మందు. ఇవన్నీ కూడితే 11.4. తక్కిన 88.6 నీళ్ళే. అసలు కథ కూడా ఆ నీళ్ళదే.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని అమ్మల చేతుల్లో పెరిగాం మనం. ఉప్పు, కారం, నూనె నిండిన జాడీకే ఒక్క చుక్క తడి తగిలితే బూజు పడుతుందని తెలుసు. అలాంటిది ఉప్పూ నూనే లేకుండా దాదాపు అంతా తడే అయిన సీసాను బాత్‌రూమ్ అరలో నెలల తరబడి పెట్టుకుంటామా! గ్లిజరిన్, విటమిన్లు, జిగురు కలిసిన నీళ్ళు బ్యాక్టీరియాకు విందు. కంటికి కనబడేలా మబ్బుపట్టేసరికి లక్షలు దాటి ఉంటాయి. అంతకు ముందు ఆ నీళ్ళు నిర్మలంగానే కనిపిస్తాయి, వాసనా రాదు. మొటిమ గిల్లిన చోట ఆ నీళ్ళు రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కలబంద గుజ్జు, దోసకాయ రసం, బియ్యం కడుగు, ఇవన్నీ అప్పటికప్పుడు రాసుకుని కడుక్కుంటే సరే. సీసాలో పోసి దాచితే మాత్రం అవి పాచినీళ్ళే.

"ఇ విటమిన్ గొట్టాలు చితక్కొట్టి వేస్తే నిలవ ఉంటుందట కదా పెద్దమ్మా?" అని అడిగింది పిల్ల. ఉండదు. ఇ విటమిన్ నూనెలు కనరెక్కకుండా ఆపుతుంది, సూక్ష్మజీవులను ఆపదు. టీట్రీ నూనె చుక్కలు, పటిక, కర్పూరం కూడా ఈ పనికి చాలవు. మేము వేసింది ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిపి అమ్మే ద్రవం. ఫినాక్సీఇథనాల్‌కు చట్టం ఒప్పుకునేది 1 శాతం దాకానే. "కెమికల్ కదా" అని ముఖం చిట్లించేవాళ్ళకు నేను జవాబు చెప్పడం మానేశాను. నియాసినమైడ్ కూడా కెమికలే, నీళ్ళూ కెమికలే.

నీళ్ళు ఎక్కడివి? మున్సిపాలిటీ నీళ్ళు వద్దు. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ నీళ్ళలో లవణాలు తగ్గుతాయి గానీ, అవి టాంకులో నిలవుండి కుళాయి గొట్టంలోంచి వచ్చేవే. బ్యాటరీలో పోసే నీళ్ళు బ్యాటరీకే. రోజ్‌వాటర్ సీసాలో ఏమేం కలిపారో రాసి ఉండదు. ఇంజక్షన్లలో కలిపే స్టెరైల్ వాటర్ మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు, అదే తెప్పించాను.

తూకం దగ్గర నేను కాస్త చాదస్తురాలినే. టీస్పూను లెక్కలు ఎవరైనా చెబితే వినను. ఒకే చెంచాడు పొడి నలిపితే ఒక బరువు, గుల్లగా ఉంటే ఇంకో బరువు. వంటింటి కాటా గ్రాము కన్నా తక్కువ చూపదు, మనకు కావలసింది 0.1. బంగారం తూచే రకం చిన్న కాటాలు, 0.01 గ్రాము దాకా చూపేవి, కొన్ని వందల రూపాయలకు వస్తాయి. ఆ కాటా కూడా మరీ చిన్న బరువుల దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ముప్పై గ్రాముల బుల్లి సీసాకు సరిపడా చేయకుండా ఒకేసారి వంద గ్రాములు కలిపాం. ముప్పైకి కలిపితే ఇడిటిఎ 0.03 గ్రాములు తూయాలి, అది తూకం అనిపించుకోదు.

గిన్నెలు, గాజు కడ్డీ, సీసాలు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, 70 శాతం స్పిరిట్‌తో తుడిచాం. జుట్టు ముడి, చేతులకు తొడుగులు, ఫ్యాను బందు. ఫ్యాను ఎందుకంటే కాటా ఊగుతుంది, దుమ్మూ రేగుతుంది. ముందు నీళ్ళలో ఇడిటిఎ, తర్వాత నియాసినమైడ్. చిటికెలో కరిగిపోతుంది, పొయ్యి మీద పెట్టే పనే లేదు. పాంథెనాల్ తేనెలా సాగుతుంది, దాన్ని నేరుగా గిన్నెలోకే తూచుకోవాలి. జాంథన్‌ను మాత్రం నీళ్ళలో చల్లకూడదు. చల్లారో, పైన జిగురు కట్టి లోపల పొడిగా ఉండే ఉండలు తేలతాయి, ఎంత తిప్పినా విడవవు. ముందు గ్లిజరిన్‌లో కలిపి పలచటి ముద్దలా చేసి, నీళ్ళు తిప్పుతూ సన్నని ధారగా పోయాలి. అరగంట వదిలేస్తే తనంతట తనే ఉబ్బి చిక్కబడుతుంది. చివర్లో నిలవ మందు.

తర్వాత పీహెచ్ పట్టీ ముంచి చూశాం. 6 దాటి ఉంటే సిట్రిక్ యాసిడ్ పలచగా కలిపిన నీళ్ళు ఒక్కో చుక్క వేస్తూ, తిప్పుతూ, మళ్ళీ చూస్తూ 5.5కీ 6కీ మధ్యకు తేవాలి. తొందర పడి గబుక్కున పోస్తే వెనక్కి రావడం కష్టం. ముదురు గోధుమరంగు పంపు సీసాల్లో పోసి, తేదీ రాసి అంటించాం. డ్రాపర్ సీసా చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ ఆ గొట్టం చెంపకు తగిలి మళ్ళీ సీసాలోకే వెళుతుంది. ఒక సీసా ఫ్రిజ్‌లో తలుపు వైపు, ఒకటి వాడకానికి. మూడు నెలలు దాటితే పారబోయడమే, బాగానే కనబడుతోందన్నా సరే.

రాసుకునే ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడాలి. ఒక్క రాత్రి పరీక్ష చాలదు, కొన్ని అలర్జీలు మూడో నాలుగో రోజుకు గానీ బయటపడవు. ఫలితానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. పగలు సన్‌స్క్రీన్ లేకపోతే ఈ కష్టమంతా వృథా. మంగు ఉన్నవాళ్ళకైతే మామూలు సన్‌స్క్రీన్ కూడా పూర్తిగా చాలదు. కంటికి కనిపించే వెలుగు కూడా మన రంగు చర్మంలో మంగును పెంచుతుంది, దాన్ని అడ్డుకోవడానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మపు రంగులో ఉండే రకం కావాలి. ఇది ఇంట్లో కలిపేది కాదు. సన్‌స్క్రీన్ తయారీకి సరంజామా, పరీక్షలు వేరు, దాని జోలికి వెళ్ళొద్దు.

ఇంతా చెప్పి, మంగుకు చెల్లెలి కూతురు ఇదివరకు వాడిన ట్యూబు చూపించమన్నాను. పక్కింటావిడ ఇచ్చిందట, వారంలోనే తెల్లబడిందట, ఆపితే రెట్టింపు నలుపట, మంటట. చూడకముందే తెలిసింది. మొమెటాసోన్ స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపిన మందు. దీని మూలం 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మవైద్యుడి మిశ్రమం, మంగుకు కొద్ది వారాలు డాక్టరు కనిపెట్టుకుని వాడించడానికి. మన దగ్గర అది ఫెయిర్‌నెస్ క్రీమై కూర్చుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మూతి చుట్టూ నూగు పెరిగి, ఆపితే భగ్గుమనే పరిస్థితికొస్తుంది. మన చర్మవైద్యులు దానికి స్టెరాయిడ్ దెబ్బతిన్న ముఖం అని పేరే పెట్టారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేనిదే అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చీటీ అడిగే షాపులు ఎన్నో మీకే తెలుసు.

పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చేవి ఇంతకన్నా అన్యాయం. కేరళ మలప్పురం జిల్లాలోని కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021, 2023 మధ్య మూత్రంలో ప్రొటీన్ పోతున్న రోగుల్లో అరుదైన ఒక రకం కిడ్నీ జబ్బును 15 మందిలో గుర్తించారు. ఆరా తీస్తే అందులో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళు, క్రీముల్లో పాదరసం. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఇలాంటి క్రీముల్లో పొరపాటున కలిసినా సరే పాదరసం పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదు.

పేరున్న కంపెనీ, ప్రభుత్వ అనుమతి ఉన్నా భరోసా లేని సందర్భం కూడా ఉంది. జపాన్‌లో కానెబో సంస్థ చెట్ల బెరడుల్లో సహజంగా దొరికే రోడోడెండ్రాల్‌ను తెల్లబరిచే పదార్థంగా క్రీముల్లో వేసింది, అక్కడి ఆరోగ్యశాఖ 2008లో ఒప్పుకుంది. 2013 జులైలో సరుకంతా వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది. 19 వేల మందికి పైగా ముఖాల మీద, చేతుల మీద తెల్లమచ్చలు పడ్డాయి. మెలనోసైట్లే చచ్చిపోయాయి. రంగు తయారీ యంత్రంలోనే వేలు పెట్టే మందులంటే నాకు భయం అందుకే. సరఫరాను కాస్త తగ్గించే నియాసినమైడ్‌తో సరిపెట్టుకోమన్నదీ అందుకే.

సీసా పట్టుకెళ్ళిన కొన్నాళ్ళకు పిల్ల ఫోను చేసింది. "పెద్దమ్మా, మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతున్నారు. డబ్బులిస్తామంటున్నారు. లేబుల్ కూడా గీయించాను."

ఇంట్లో కలిపింది అమ్మడం నేరమని చెప్పాను. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద, అమ్మడానికి కాస్మెటిక్స్ తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు కావాలి. దానికి తగిన గది, అర్హత ఉన్న మనిషి, ప్రతి విడతకూ సూక్ష్మజీవుల పరీక్ష, సీసం, పాదరసం వంటి లోహాల పరీక్ష ఉండాలి. మన బల్ల మీద ఇవేవీ లేవు. పీహెచ్ పట్టీ ఒక్కటే ఉంది.

"సరే, అమ్మను. మరి అమ్మకి ఇవ్వొచ్చా? తనకి మంగుంది కదా."

"ఇవ్వు. ముందు డాక్టరుకు చూపించి, ఆ పాత ట్యూబు వాడిందో లేదో నిజం చెప్పమను. వాడి ఉంటే డాక్టరు దాన్ని మెల్లగా మాన్పించాకే మన సీసా తెరవమను."

"వాడిందనే అనుకుంటా పెద్దమ్మా. నాకిచ్చింది తనే. పక్కింటావిడ ఇచ్చింది తనకి."